పదకొండో ప్రెస్‌నోటు

సంఘటన జరిగాక వార్త రాయడం ఎంత వెనుకబడిన పద్ధతో ప్రసూనకు ఇంటర్న్‌షిప్ మొదటి రోజునే తెలిసివచ్చింది.

ఆ ఉదయం టౌన్‌హాల్లో రక్తదాన శిబిరం. జర్నలిజం ఆఖరి సెమిస్టరు చదువుతున్న పిల్ల కదా, తొమ్మిదింటికే వెళ్లి కూర్చుంది. వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. నలభై ముగ్గురు రక్తం ఇచ్చారు, ఇద్దరు సూదిని చూసి వెనక తలుపు గుండా జారుకున్నారు. ఇదంతా చక్కగా రెండు పేజీలు రాసి, పన్నెండున్నరకల్లా జిల్లా ప్రగతి ప్రచార విభాగం ఉపసంచాలకులు కొమరగిరి సాంబమూర్తి గారి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నారాయన.

"రక్తదాన శిబిరం రిపోర్టు సార్."

"శిబిరం అయిపోయిందిగా?"

"అయిపోయింది సార్. అందుకే రాశాను."

సాంబమూర్తి గారు నిజంగానే బాధపడ్డారు. "అయిపోయినవి రాసుకుంటూ కూర్చోవడానికి మనం చరిత్రకారులమా అమ్మా? నోటు నిన్న మధ్యాహ్నమే వెళ్లిపోయింది. నూట ఇరవై మంది రక్తదానం చేశారు. నువ్వేమో నలభై మూడంటున్నావు. అంటే డెబ్బై ఏడు మంది తగ్గారు. ఈ లోపం నోటుదా, శిబిరానిదా?"

ప్రసూన నోరు తెరిచేలోగా పక్కనే ఫైళ్లు సర్దుతున్న సీనియర్ సహాయకుడు మస్తాన్‌వలీ ఆమెకే వినపడేట్టు, "శిబిరానిదని చెప్పమ్మాయ్," అన్నాడు.

"శిబిరానిదే సార్."

"భేష్," అన్నారు సాంబమూర్తి గారు. ఆయన ఫోన్ తీసి ఎవరితోనో రెండు నిమిషాలు మాట్లాడారు. మూడింటికల్లా పాలిటెక్నిక్ హాస్టల్ నుంచి డెబ్బై ఏడుగురు కుర్రాళ్లను రెండు బస్సుల్లో తెచ్చి మంచాల మీద పడుకోబెట్టారు. పొద్దున పారిపోయిన ఇద్దరూ అందులో ఉన్నారు. ఈసారి వెనక తలుపుకు తాళం వేశారు.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. ఆ జిల్లాలో పత్రికల వాళ్లు జిల్లా పేజీ నాలుగింటికే మూసేస్తారు. సభలేమో ఐదింటికి మొదలవుతాయి. ఎంత గొప్ప సభైనా మర్నాటి పేపర్లో పడకపోతే జరిగినట్టా, జరగనట్టా? అందుకని ఎప్పుడో పూర్వం ఒక బుద్ధిమంతుడు నోటు ముందే రాసి పంపడం మొదలుపెట్టాడు. అంతవరకు అందరూ చేసేదే. చిక్కల్లా పోయినేడు వనమహోత్సవంలో వచ్చింది. మంత్రిగారు వేపమొక్క నాటారని నోటు వెళ్లింది. తీరా సభలో ఎవరో చేతికి కానుగ మొక్క అందిస్తే ఆయన దాన్నే నాటేశారు. మర్నాడు పేపర్లో వేప, గుంతలో కానుగ. పై నుంచి సంజాయిషీ అడిగారు. సాంబమూర్తి గారు కానుగను పీకించి, వేపను పెట్టించి, ఫొటో జతచేసి పంపారు. పై వాళ్లు ఎంత మెచ్చుకున్నారంటే ఆయన చేతనే పద్నాలుగో నంబరు సర్క్యులర్ రాయించారు. అది ఇప్పటికీ ఆయన కుర్చీ వెనక అద్దాల చట్రంలో వేలాడుతోంది.

"ప్రెస్‌నోటుకును, సంఘటనకును నడుమ వ్యత్యాసము కనబడిన యెడల, సదరు సంఘటనను తక్షణమే సవరించి, సవరించినట్లు ధ్రువపరచవలెను."

ఇంత పనికి మనుషులు చాలరు గనక ఈ వేసవి నుంచి 'యువ సమాచార సారథి' అని ఫెలోషిప్ పెట్టారు. ఆరు వారాలు. ప్రతి సారథికీ సరిపోలిక పత్రాల కట్ట ఒకటి ఇస్తారు. పత్రంలో ఎడమ పక్క 'నోటులో ఉన్నది', కుడి పక్క 'జరిగినది', చివర 'సవరణ బాధ్యత ఎవరిది' అని మూడు గడులు. సారథి తానే నోటు రాయాలి, తానే సభకు వెళ్లి గడులు నింపాలి. తేడా లేకుండా పది నోట్లు సరిపోలితే సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ లేకపోతే కాలేజీ వాళ్లు డిగ్రీ ఇవ్వరు. ఇంటర్న్‌షిప్ మార్కులు కలిస్తేనే ఆఖరి సెమిస్టరు పూర్తయినట్టు.

ప్రసూనకు ఆ డిగ్రీ కావాలి. మిట్ట కాలనీలో ఇడ్లీ బండి నడిపే వాళ్లమ్మ శేషమ్మ మూడేళ్లుగా పొగలో కళ్లు మండించుకుని చదివించిన చదువది. మిట్ట కాలనీకి పేరు ఊరికే రాలేదు. ఊరికంతటికీ అదే ఎత్తు. కుళాయి నీళ్లు కొండ కింద దాకా వచ్చి ఆగిపోతాయి. రోజుకు రెండు ట్యాంకర్లు వస్తేనే పిండి రుబ్బడం, ఇడ్లీ పొయ్యి మీదికి ఎక్కడం.

కాబట్టి ప్రసూన నోరు మూసుకుని నేర్చుకుంది. తెలివైన పిల్ల, తొందరగానే పట్టుబడింది. 'సభికుల హర్షధ్వానాల మధ్య' అని మూడో పేరాలో రాస్తే, సభలో మూడో పేరా దగ్గర చప్పట్లు కొట్టించాలి. 'ఇసుక వేస్తే రాలనంత జనం' అని రాసినందుకు కల్యాణమండపంలో నుంచి సగం కుర్చీలు తీయించి, ఉన్న జనాన్నే దగ్గరగా కుక్కేశారు. ఒకసారి 'గద్గద స్వరంతో' అని రాసింది. వక్తగారికి ఎంతకీ గొంతు వణక్కపోతే చల్లటి మజ్జిగ రెండు గ్లాసులు వరసగా తాగించారు. అదీ సరిపోలింది.

ఐదో నోటు దగ్గర కొంచెం ఉత్సాహపడింది. రోళ్లు పగిలే మే నెలలో 'చిరుజల్లుల మధ్య పుస్తక ప్రదర్శన ప్రారంభం' అని రాసేసింది. సాంబమూర్తి గారు మందలించలేదు. పైగా పొంగిపోయారు.

"వాతావరణ శాఖ కూడా ఇంత ధైర్యంగా చెప్పలేదమ్మా! నీలో విజన్ ఉంది."

ప్రారంభం వేళకు ఫైరింజన్ వచ్చి పందిరి వెనక నుంచి ఆకాశంలోకి సన్నగా నీళ్లు చిమ్మింది. అతిథులు గొడుగులు వేసుకున్నారు. పుస్తకాలు తడిసిపోయాయి గానీ నోటులో పుస్తకాల పరిస్థితి గురించి ఏమీ లేదు కాబట్టి అది తేడా కిందికి రాలేదు. ఆ పూట మిట్ట కాలనీకి ట్యాంకరు రాలేదు. ఎందుకు రాలేదో ప్రసూనకు అప్పుడు తట్టలేదు.

తొమ్మిది నోట్లు సరిపోలాయి. పదోది అప్పగిస్తూ సాంబమూర్తి గారు ముసిముసిగా నవ్వారు. "మీ కాలనీదే. కుళాయి పథకం ప్రారంభోత్సవం. మంత్రిగారే వస్తున్నారు."

ప్రసూన పెన్ను కింద పెట్టింది. "సార్, ఆ కుళాయికి పైపు కలపలేదు. కొండ కిందే ఆపేశారు. మా ఇంటి ముందే కదా సార్, రోజూ చూస్తున్నాను."

"పైపు ఇంజనీర్ల పరిధి. నీళ్లు వచ్చాయనడం మన పరిధి. ఒకరి పరిధిలోకి ఒకరు చొరబడకూడదు."

"రావు కదా సార్!"

"రావని నోటు పంపిస్తే మంత్రిగారు నీళ్లు రాని కుళాయిని ప్రారంభించినట్టవుతుంది. అలాంటి కార్యక్రమం మన క్యాలెండర్లో లేదమ్మా. ఆలోచించుకో. పదోది, ఆఖరిది."

ఆలోచించుకోవడానికి ఏముంది? నోటు ఇవ్వాల్సిన గడువు రెండు గంటలు. ప్రసూన రాసింది. 'మంత్రిగారు మీట తిప్పగానే గంగమ్మ ఉవ్వెత్తున ఎగసింది. ఇకపై తమకు ట్యాంకర్ల కోసం ఎదురుచూడాల్సిన అవస్థ తప్పిందని గృహిణి రత్తమ్మ ఆనందబాష్పాలు రాల్చారు.' మిట్ట కాలనీలో రత్తమ్మ అనే మనిషే లేదు. ఉన్నవాళ్ల పేరు పెట్టడానికి ఆ పిల్లకు చెయ్యి రాలేదు. రాస్తున్నంతసేపూ సిగ్గేసింది, రాశాక ఇంకా ఎక్కువేసింది. అయినా ఇచ్చేసింది.

సాయంత్రం ఐదింటికి కాలనీ గోడ వెనక ట్యాంకరు నిలబెట్టి, మోటారు పెట్టి, కుళాయి పైపులోకి గొట్టం దూర్చారు. మంత్రిగారు మీట తిప్పారు. గంగమ్మ ఉవ్వెత్తున ఎగసి ఆయన పంచె తడిపింది. మున్సిపాలిటీలో ఊడ్చే పనిచేసే ఒకావిడను రత్తమ్మగా నియమించారు. ఆవిడ చక్కగానే ఏడ్చింది. మూడు నెలలుగా రాని జీతం గుర్తు చేసుకున్నానని తర్వాత మస్తాన్‌వలీతో చెప్పిందట. పదకొండు నిమిషాలకు ట్యాంకరు ఖాళీ అయింది. అప్పటికి మంత్రిగారు కారెక్కేశారు. ప్రసూన అన్ని గడుల్లోనూ టిక్కులు పెట్టింది. జనంలో వాళ్లమ్మ ఖాళీ బిందెతో ఆ కుళాయినే చూస్తూ నిలబడి ఉంది.

మర్నాడు ట్యాంకరు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. కాలనీ ఆడవాళ్లు మున్సిపల్ ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా పేపర్ కటింగు తీసి చూపించాడు. "ట్యాంకర్ల అవస్థ తప్పిందని మీ రత్తమ్మే చెప్పిందిగా. అందుకే మీ ట్రిప్పులు రద్దు చేశాం."

శేషమ్మ ఇడ్లీ బండి ఆగిపోయింది. రెండు కిలోమీటర్లు నడిచి దిగువ వీధి నుంచి రెండు బిందెలు మోసుకొస్తే అవి తాగడానికే చాలడం లేదు. ఆమె అరుగు మీద కూర్చుని ఆ పేపర్ ముక్కను ఎదురుగా పెట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది.

"ఎవడు రాశాడోగానీ వాడి చేతులు పడిపోను! మా గొంతులు ఎండబెట్టి వాడేం బావుకుంటాడంట? ఏం ప్రసూనా, నీ చదువులో ఇట్టాంటి ముండాకొడుకుల్ని కూడా తయారు చేస్తారా?"

"చేస్తారమ్మా," అంది ప్రసూన. ఆరు రోజులు పొద్దుటా సాయంత్రమూ వాళ్లమ్మ ఆ చేతుల్ని తిడుతూనే ఉంది, ప్రసూన ఆ చేతులతోనే అన్నం తింటూ ఉంది.

ఏడో రోజు తెగించి సాంబమూర్తి గారి గదిలోకి వెళ్లింది. "సార్, కుళాయిలో నీళ్లు రావడం లేదు. ఉన్న ట్యాంకర్లు పోయాయి. ఇప్పుడైనా దిద్దుబాటు నోటు ఒకటి పంపండి సార్."

ఆయన ఆమెను కూర్చోమన్నారు. బీరువాలోంచి ఆమె ఫైలు తీశారు. "చూడమ్మా, నువ్వు నాకు కూతురులాంటి దానివి గనక చెప్తున్నా. ఇందులో నీ సంతకంతో నీళ్లు వచ్చాయని ఉంది. ఇప్పుడు రాలేదని నువ్వే రాసిస్తే నీ పదో నోటు సరిపోలనట్టు. పది సరిపోలకపోతే సర్టిఫికెట్ లేదు. నీళ్లు కావాలా, సర్టిఫికెట్ కావాలా?"

"రెండూ కావాలి సార్."

"ఇంత చిన్న వయసులో అంత ఆశ పనికిరాదు," అని ఆయన ఫైలు మూసేశారు. "శుక్రవారం మీ ముగింపు సభ. దాని నోటు కూడా నువ్వే రాయి. బాగా రాస్తావు. రేపు రెండున్నరకు నాకు చూపించు."

ప్రసూన వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఏడుపు ఆగలేదు. మస్తాన్‌వలీ గ్లాసుతో టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ముప్పై ఒక్క ఏళ్ల నుంచి ఈ ఆఫీసులో ఉన్నానమ్మాయ్. ఐదుగురు ఉపసంచాలకుల్ని చూశాను. ఒక్కరు కూడా నోటు చదవలేదు."

"సంతకం పెడతారుగా?"

"పెడతారు. వాళ్ల పేరెక్కడ ఉందో వెతికి, హోదా సరిగ్గా ఉందో లేదో చూసి పెడతారు. ఈయన ఇంకా మంచివాడు. పేరు రెండు సార్లుంటే మిగతాది అసలు చూడడు." గ్లాసు తీసుకుని రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. "నాలుగుసార్లుంటే సంతోషంతో సంతకం కూడా కొంచెం పెద్దదిగా పెడతాడు."

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు ప్రసూన నోటు ఇచ్చింది. అందులో 'అవిశ్రాంత కృషీవలుడు, జనహిత సంకల్పధనుడు, ఉపసంచాలకులు శ్రీ కొమరగిరి సాంబమూర్తి' అని ఆరు చోట్ల ఉంది. ఆయన ఆరింటి కింద పెన్సిలుతో గీత గీసుకున్నారు. ఒక చోట 'శ్రీ' తర్వాత 'యుత' చేర్చారు. సంతకం ఎంత పెద్దదిగా పెట్టారంటే కాగితం చాలలేదు. మూడింటికి నోటు పత్రికలకు, పై ఆఫీసుకు, మంత్రిగారి పేషీకి వెళ్లిపోయింది.

నాలుగూ పదికి పేషీ నుంచి ఫోన్ వచ్చింది. సాంబమూర్తి గారు లేచి నిలబడి మాట్లాడారు. "నమస్కారం సార్... థాంక్యూ సార్... ఏ ట్యాంకరు సార్?"

ఆ తర్వాతంతా ఆయన విన్నారు. ఫోన్ పెట్టేసి, "సారథీ!" అని కేక పెట్టారు. ప్రసూన నోటు ప్రతి పట్టుకుని వెళ్లింది. ఆయన మొదటిసారిగా ఆ కాగితాన్ని పై నుంచి కింద దాకా చదివారు.

'సారథుల ముగింపు సభ శుక్రవారం సాయంత్రం ఐదింటికి మిట్ట కాలనీ నడివీధిలో జరిగింది. పైపులైను కలిపేదాకా కాలనీకి రోజుకు మూడు ట్యాంకర్ల నీళ్లు సరఫరా చేస్తామని ప్రకటిస్తూ, అవిశ్రాంత కృషీవలుడు, జనహిత సంకల్పధనుడు, ఉపసంచాలకులు శ్రీయుత కొమరగిరి సాంబమూర్తి స్వయంగా మొదటి ట్యాంకరు ముందు సీట్లో కూర్చుని వచ్చారు. మున్సిపల్ కమిషనర్ ఉత్తర్వు ప్రతిని అక్కడికక్కడే చదివి వినిపించారు. ఆఖరి బిందె నిండేదాకా ఆయన కాలనీలోనే నిలబడ్డారు.'

"ఇదేంటమ్మా?"

"ముగింపు సభ నోటు సార్."

"ఇలా జరగలేదుగా?"

"ఇంకా ఐదు కాలేదు సార్."

సాంబమూర్తి గారి నుదుటి మీద చెమట పట్టింది. "రద్దు చేద్దాం. పొరపాటు జరిగిందని పత్రికలకు చెప్దాం."

"అంటే నోటులో లోపం ఉందంటారా సార్?" అంది ప్రసూన ఎంతో వినయంగా. ఆయన కుర్చీ వెనక అద్దాల చట్రం వైపు చూసింది. మస్తాన్‌వలీ కూడా చూశాడు. సాంబమూర్తి గారు వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు, అందులో ప్రతి అక్షరం ఆయన రాసిందే.

"పేషీలో ఏమన్నారు సార్?" అన్నాడు మస్తాన్‌వలీ.

"మంత్రిగారు చాలా సంతోషించారట," అన్నారు సాంబమూర్తి గారు ఏడుపు గొంతుతో. "ఐదూ పదికి ఫొటో పంపమన్నారు."

తర్వాతి నలభై నిమిషాల్లో ఆ జిల్లా యంత్రాంగం పనిచేసినంత చురుగ్గా ఎన్నడూ పనిచేసి ఉండదు. మున్సిపల్ కమిషనర్ భోజనం తర్వాత కునుకు నుంచి లేచి ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. టైపు చేసినవాడు నోటు పక్కన పెట్టుకుని 'పైపులైను కలిపేదాకా' అన్న ముక్కను ఉన్నదున్నట్టు దించాడు. మార్చడానికి భయం, మారిస్తే తేడా అవుతుంది. ఐదింటికి ట్యాంకరు మిట్ట ఎక్కింది. ముందు సీట్లో సాంబమూర్తి గారు ఫైలును ఒడిలో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. దిగి ఉత్తర్వు చదివారు. గొంతు గద్గదమైంది. నోటులో అది లేకపోయినా ప్రసూన పట్టించుకోలేదు.

బిందెలు వరసకట్టాయి. స్టీలువి, ప్లాస్టిక్‌వి, రాగివి, రంగు డబ్బాలు, పాత నూనె టిన్నులు. సాంబమూర్తి గారు రెండు మూడు సార్లు వెనకే వచ్చిన తన కారు వైపు చూశారు. 'ఆఖరి బిందె నిండేదాకా' అని ప్రసూన పత్రంలో వేలు పెట్టి చూపించింది. ఆయన మళ్లీ వచ్చి నిలబడ్డారు. మొదటి ట్యాంకరు అయ్యాక రెండోది వచ్చింది. ఎండ తగ్గింది గానీ ఆయన చొక్కా ఆరలేదు.

ఆఖరి టిన్ను నిండాక ట్యాంకరు బానెట్ మీదే పెట్టి సర్టిఫికెట్ రాశారు. 'ప్రవర్తన' అన్న చోట చాలాసేపు పెన్ను ఆగింది. చివరకు ఆయన ఇలా రాశారు: 'ఈమె రాసిన పదకొండు నోట్లూ అక్షరాలా జరిగినవి. ఇకపై ఈమె రాసిన ఏ కాగితమునైనను పూర్తిగా చదివిన మీదటనే సంతకము చేయవలెనని సంబంధిత అధికారులకు మనవి.'

ప్రసూన సర్టిఫికెట్ మడిచి సంచిలో పెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చింది. శేషమ్మ చుట్టూ ఉన్న గిన్నెలన్నీ నింపుకుని కూర్చుని ఉంది. అప్పుడే పప్పు నానబోసింది. వారం రోజుల తర్వాత ముఖంలో కాస్త కళ వచ్చింది.

"ఈ సభ గురించి పేపరోళ్లకు పంపింది ఎవరోగానీ, ఆ చేతులు చల్లగా ఉండాలే," అంది. "ఆయన పేరు పెట్టి రాసినాక పెద్దాయన ఒళ్లు దగ్గర పెట్టుకుని నీళ్లు తెచ్చాడంట. మస్తాన్ సాయిబు చెప్పాడు. నీకు తెలుసా ఎవరో?"

"తెలుసమ్మా."

"మరి ఆ ముందు రాసిన సచ్చినోడు? వాడూ తెలుసా?"

ప్రసూన సంచి కింద పెట్టింది. ఇంతవరకు వచ్చాక దాచాలనిపించలేదు. "రెండూ రాసింది ఒక్కరేనమ్మా. నేనే."

శేషమ్మ కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత చేతుల వంక చూసింది. తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. తిడితే బాగుండునని కూడా ప్రసూన అనుకుంది.

శేషమ్మ లేచి, నిండు బిందె ఒకటి కూతురి ముందుకు జరిపింది. "చివరింటి ముసలామె దిగువ దాకా నడవలేక వారం రోజుల నుంచి అడుక్కున్న నీళ్లే తాగుతోంది. వీధికి ఆ చివర. ఇవాళ్టి నుంచి రోజూ నువ్వే మొయ్యి, పైపు కలిపేదాకా."

ప్రసూన చుట్టగుడ్డ తలమీద పెట్టుకుని బిందె ఎత్తుకుంది.